ముంగిటి కాయకము

ఓం శ్రీ గురు బసవలింగాయ నమః



కాయమనగా శరీరము. కాయముచే చేయబడునది కాయకము. ఇది పదమునకు వ్యుత్పత్తి. అయినను శరీరమును శ్రమపెట్టి చేయు ప్రతి పనియు కాయకము కాజాలదు. దొంగయు చెమటోడ్చియే గోడకు కన్నము వేయును. పని సత్యముతో కూడినదై, పదిమందికి ఉపకరించునదై, శివార్పణ బుద్ధితో జరిగినపుడే దానికి ఆ పేరు చెల్లును. అట్టి పనివలన లభించినదానిలో తనకెంత అవసరమో అంత గైకొని, తక్కినదానిని గురులింగజంగమములకును, ఆకలిగొన్నవారికిని వినయముతో సమర్పించుట దాసోహము. ‘దాసః అహమ్’, నేను దాసుడను, అనునది ఆ మాటలోని భావము. కాయకము లేని దాసోహము పరుల సొమ్ముతో చేసిన దానము వంటిది. దాసోహము లేని కాయకము వట్టి కూలి.

పన్నెండవ శతాబ్దమున కల్యాణ పట్టణమున బిజ్జలుని భండారమును నిర్వహించిన బసవేశ్వరుడు ఈ రెండింటిని ధర్మమునకు పునాదిరాళ్లుగా నిలిపెను. అల్లమ ప్రభువు అధ్యక్షుడుగా వెలసిన అనుభవ మంటపమున కూర్చుండినవారెవరు? త్రాళ్లు పేనిన నులియ చందయ్య, బుట్టలల్లిన మేదర కేతయ్య, పడవ నడపిన అంబిగర చౌడయ్య, బట్టలుతికిన మడివాళ మాచయ్య, కట్టెలు మోసిన మోళిగె మారయ్య. అరచేత కాయలు కాచినవారే అచ్చట జ్ఞానులు. బసవేశ్వరుని చరిత్రమును, శివభక్తుల కథలను పదమూడవ శతాబ్దమున పాల్కురికి సోమనాథుడు ద్విపదగా తెలుగున రచించెను. 1369లో భీమకవి ఆ బసవపురాణమును కన్నడమునకు కొనిపోయెను. కనుక శరణుల కథలు తెలుగు గడపకు క్రొత్తవి కావు.

ఇన్ని విని తల యూపుట సులభము. త్రాడు పేనుట పవిత్రమని ఒప్పుకొన్నవారే, ఇంజను నూనె అంటిన చేతిని చూచి ముఖము త్రిప్పుకొనుట కలదు. కల్యాణ పట్టణమున మోటారు కార్లు లేవు. ఉండినయెడల ఇంజను విప్పి బాగుచేయు శరణుడొకడు తప్పక అనుభవ మంటపమున ఆసీనుడై యుండెడివాడు. ఈ సందర్భమున ఒక సామాన్య కుటుంబపు కథ వినదగినది. పేర్లతో పనిలేదు. అట్టి ఇండ్లు మన ప్రాంతమున అనేకములు కలవు.

అనంతపురపు మెట్టనేల స్వభావము అందరెరిగినదే. నైరుతి పవనముల తేమను పడమటి కనుమలే పీల్చుకొనును. ఈశాన్య పవనములు తూర్పు తీరమును దాటి ఇంతదూరము వచ్చునప్పటికి అలసిపోవును. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వర్షము కూడ పూర్తిగా నమ్మదగినది కాదు. పెన్న, హగరి, చిత్రావతి ఏటిలో చాల కాలము ఇసుకబాటలే. 2022 ఏప్రిల్‌లో పాత జిల్లా రెండు జిల్లాలైనది గాని, కరవు ఆ సరిహద్దును గుర్తించలేదు. వేరుశనగ ఎండిన ఏడు బెంగళూరు బస్సులు నిండుట ఇచ్చటి ఆనవాయితీ.

కల్యాణదుర్గము ప్రాంతమున ఒక పల్లెలో తల్లిదండ్రులు, ఇద్దరు కుమారులు, పెద్ద కోడలు, ఒక మనుమరాలు గల ఇల్లొకటి యుండెను. 2018 కరవున వారి చేను ఎండెను, బోరు వట్టిపోయెను. పెద్ద కుమారుడు అంతకుముందే ఒక పాత డీజిల్ అంబాసిడర్ కారును వేలములో కొని కిరాయికి త్రిప్పుచుండెను. ఆ కార్ల తయారీ 2014లోనే నిలిచిపోయినందున విడిభాగములు దొరకుట నానాటికి కష్టమగుచుండెను. కోడలు ఇంట కుట్టుమిషను పెట్టుకొని రవికలు కుట్టుచు, మగ్గముపై అద్దకము, జరీపని చేయుచుండెను. రెండవ కుమారుడు మెకానికల్ ఇంజనీరింగు చదివినవాడు. పెనుకొండ చెంత ఎఱ్ఱమంచియందు నిర్మాణమైన కియా కార్ల కర్మాగారము 2019లో ఉత్పత్తి ఆరంభించినది గదా! అచ్చట కొలువు దొరకునన్న ఆశతో అతడు దరఖాస్తు పెట్టుకొని ఎదురుచూచుచుండెను.

ఆ మాఘమాసమున ఒకనాడు ఎత్తుబాటపై కారు ఆవిరి చిమ్మి ఆగిపోయెను. ఎచ్చటను కారుట లేదు, అయినను రేడియేటరులో నీరు తగ్గిపోవుచున్నది. మూత తీసి చూచిన బుడగలు. సైలెన్సరునుండి తెల్లని పొగ. నూనె పుల్ల తీసి చూడగా నూనె చిక్కని మజ్జిగవలె తెలుపెక్కియున్నది. మెకానిక్కు చూచి హెడ్ గ్యాస్కెట్ పోయినదని చెప్పెను. అతడు చెప్పిన కూలి అన్యాయమైనది కాదు గాని, ఆ ఇంట అంత సొమ్ము లేదు. బండి కదలనియెడల పెద్ద కుమారుడు భార్యతో బెంగళూరునకు కూలికి పోవలసినదే. ముసలివారు, పిల్ల ఊర మిగిలిపోవుదురు. ఆ ఇంటి పొయ్యి ఆ పలుచని రేకుపై ఆధారపడియున్నది.

హెడ్ గ్యాస్కెట్ అనగానేమి? ఇంజనునకు క్రిందిభాగమున సిలిండర్లు గల దిమ్మె యుండును. దానిపై మూతవలె హెడ్ అను బరువైన ఇనుపభాగము కూర్చుండును. ఈ రెంటి నడుమ పరచబడిన పలుచని రేకు గ్యాస్కెట్. సిలిండర్లలో నిప్పు పుట్టును. వాని చుట్టు త్రోవలలో నీరు పారి వేడిని చల్లార్చును. వేరొక త్రోవలో నూనె పారి రాపిడిని తగ్గించును. నిప్పు, నీరు, నూనె: మూడును కావలసినవే. కాని ఒకటి మరొకదాని త్రోవలోనికి పోరాదు. నిప్పు నీటిలో చొచ్చిన ఇంజను ఉడికిపోవును. నీరు నూనెలో కలిసిన లోపలి భాగములు అరిగిపోవును. మూడింటిని వాని వాని త్రోవలలో నిలుపునది ఆ రేకే. బయటివారికి అది కనబడదు. కారు కొన్నవాడెవ్వడును దానిని చూచి మెచ్చుకొనడు.

సంసారమున కూడ ఈ మూడును కలవు. సంపాదించువాని ఉద్రేకము నిప్పు. కష్టము చూచి కరగు కరుణ నీరు. ఇక నూనెకు సంస్కృతమున స్నేహమని పేరు. ప్రేమకును అదే పేరు. ఈ మూడు ఒక కప్పు క్రింద కలిసి పనిచేయవలెనన్న నడుమ ఒక మర్యాద యుండవలెను. మన పంచాచారములలో దానిని భృత్యాచారమందురు. అందరికంటె తాను చిన్నవాడనను వినయమే అది. ఆ పొర ఒకచోట కాలిన, కోపము కరుణలో చొచ్చును, కన్నీరు స్నేహమును విరిచివేయును.

ఆ ఇంటివారు తామే ఇంజను విప్పుటకు నిశ్చయించిరి. మహాశివరాత్రికి వారము దినములుండెను. ఆ పండుగకు ఉరవకొండ గవిమఠమునకు పోవు భక్తులు కారును ముందే మాట్లాడుకొనియుండిరి. వేపచెట్టు క్రింద, రాత్రియంతయు చల్లారిన ఇంజనునుండి నీరు దింపి, బ్యాటరీ తీగ విప్పి, పని మొదలుపెట్టిరి. రబ్బరు గొట్టములు, డీజిల్ గొట్టములు, ఇంజెక్టర్లు, మానిఫోల్డులు, రాకర్లు ఒక్కొక్కటే వెలికి వచ్చెను. కోడలు అట్టపెట్టెకు ఎనిమిది రంధ్రములు పొడిచి, ఎనిమిది పుష్ రాడ్లను ఉన్న వరుసలోనే గ్రుచ్చి, ప్రక్కన అంకెలు వేసెను. నట్లను వేర్వేరు గుడ్డపేలికలలో మూటగట్టి, ఏది ఎచ్చటిదో సుద్దతో వ్రాసెను. రవిక ముక్కలు తారుమారైన ఏమగునో ఆమె ఎరుగును.

హెడ్ ఎత్తగా దోషము కంటబడెను. రెండవ సిలిండరునకు, నీటి రంధ్రమునకు నడుమ గ్యాస్కెట్ కాలి నల్లని చార ఏర్పడియున్నది. చిన్నవాడు దూరమున అరుగుపై కూర్చుండి పుస్తకము చూచుచు, “అన్నా, హెడ్ వంగిందేమో చూడు. నిలువుబద్ద పెట్టి ఫీలర్ గేజితో కొలవాలి” అనెను. దారిన పోవువారు చూతురను సిగ్గుచే అతడు లేచి రాలేదు. అన్న, “కొలుస్తూ కూర్చుంటే పండుగ పోతుంది” అని బదులు చెప్పెను. క్రొత్త గ్యాస్కెట్ అనంతపురమునుండి అప్పుతో తెచ్చినది. దానిని పరచి, హెడ్ దించి, ఒక చివరనుండి నట్లను బలముకొలది బిగింపసాగెను.

కోడలు భర్తతో నేరుగా చెప్పక, మామగారికి చెప్పినట్లుగా పలికెను. “మామా, మగ్గానికి గుడ్డ బిగించేటప్పుడు ఒక పక్కే లాగితే ముడత పడుతుంది. నడిమి నుంచి అన్ని పక్కలకూ కొంచెం కొంచెం బిగించుకుంటూ పోవాలి. దీనికీ అట్లే కదా?” భర్త తల ఎత్తకయే, “ఇది రవిక కుట్టడం కాదు” అనెను. ఆమె మరి మాటాడలేదు. మామగారును ఏమియు అనలేదు.

సాయంకాలమునకు ఇంజను పలికెను. ఊరి చెరువుకట్ట దాటకముందే మరల ఆవిరి లేచెను. అప్పుచేసి తెచ్చిన గ్యాస్కెట్ వ్యర్థమైనది. ఒకమారు నలిగిన గ్యాస్కెట్ తిరిగి పనికిరాదు. ఆ రాత్రి ఇంట ఎవ్వరును అన్నము ముట్టలేదు. పెద్దవాడు తమ్ముని నిందించెను, తమ్ముడు అన్నను నిందించెను, అత్త విధిని నిందించెను. కోడలు గోడవైపు తిరిగి మిషనుపై కుట్టుచునేయుండెను.

అప్పుడు తండ్రి నోరు విప్పెను. “నేను ఇరవై ఏండ్లు బావి మీద ఆయిల్ ఇంజను తోలినాను. గ్యాస్కెట్ ఎన్నిమార్లు మార్చినానో! ఆ పిల్ల చెప్పింది నిజమని నాకు అప్పుడే తెలుసు. సంపాదించే కొడుకుకు ఎదురు చెప్పడమెందుకని ఊరుకున్నా. తప్పు మీ ఇద్దరిదే కాదు నాయనా, నాది ముందు.” ఆ ఒక్క మాటతో ఇల్లు చల్లబడెను. పెద్దవాడు లేచి భార్యవైపు తిరిగి, అందరి యెదుట, “నీ మాట వినాల్సింది” అనెను. అంతకుమించి ఏమియు అనలేదు. అంతయే చాలును.

శరణులారా, ఇచ్చట ఆయ్దక్కి మారయ్య దంపతులు స్మరణీయులు. మారయ్య నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట కాయకముగా గలవాడు. ఒకనాడతడు నిత్యముకంటె ఎక్కువ బియ్యము తేగా, భార్య లక్కమ్మ చూచి, అవసరమునకు మించినది మనకెందుకు, అత్యాశ శరణులకు తగదని మందలించి, మిగులు బియ్యమును తిరిగి పోసిరమ్మనెను. మారయ్య మారుమాటాడక వెళ్లెను. లక్కమ్మ గొప్పతనము అందరు చెప్పుదురు. మారయ్య గొప్పతనమును కూడ చెప్పవలెను. అతడు వినెను. అనుభవ మంటపమున స్త్రీలకు పీట వేసితిమని మనము గర్వముగా చెప్పుకొందుము. పీట వేయుట సగము పని. కూర్చున్నవారి మాట వినుట తక్కిన సగము.

మరునాడు చిన్నవాడు అరుగు దిగి వచ్చెను. చొక్కా విప్పి, సిలిండర్లలో మురికి పడకుండ గుడ్డలు క్రుక్కి, అంటుకొన్న పాత పొరను గోకి, నిలువుబద్ద పెట్టి కొలిచెను. హెడ్ నడుమ వంపు తిరిగియుండెను. దానిని సమము చేయుట ఇంట అయ్యెడి పని కాదు. లేత్ పట్టునకు పంపి చదును చేయించిరి. తనకు చేతగానిదానిని చేతనైనవానికి అప్పగించి, అతని కాయకమును గౌరవించుట కూడ సదాచారమే. ‘మేమే చేసితిమి’ అను అహంకారమునకై ఇంజనును పాడుచేసుకొనుట కాయకము కాదు.

తండ్రి అంతటితో తృప్తిపడలేదు. “రేకు ఎందుకు కాలింది? అది చెప్పండి” అనెను. రేడియేటరును విప్పి చూడగా గొట్టములలో తెల్లని గార పేరుకొనియుండెను. ఏండ్ల తరబడి పోసిన బోరునీటి ఉప్పు అది. కాగులో నీరు కాచు ప్రతి ఇల్లాలికి ఆ తెల్లని పెచ్చు తెలియును. నీటి త్రోవ మూసికొనిపోయి వేడి ఎక్కి రేకు కాలినది. ఆ మూలమును తీయక ఎన్ని గ్యాస్కెట్లు మార్చిన నేమి ఫలము? కుటుంబ కలహములకు రాజీ చేయు పెద్దలీ మాటను గుర్తుంచుకొనవలెను. కలహించినవారి చేతులు కలిపి పంపివేయుట రేకు మార్చుట వంటిది. లోపల ఏండ్లుగా పేరుకొన్న గార ఏదో వెదకి కడుగుట అసలు పని. రేడియేటరును శుభ్రము చేయించి, నాటినుండి అందు బోరునీరు పోయుట మానిరి.

రెండవ గ్యాస్కెట్ బళ్ళారిలో దొరకెను. దాని వెల కోడలి కుట్టుకూలి డబ్బాలోనుండి వచ్చెను. ఎవరును అడుగలేదు, ఆమెయే తెచ్చి మామగారి చేత పెట్టెను. గ్రామములో మోటారు సైకిళ్లు బాగుచేయు ఒక ముస్లిం మెకానిక్కు టార్క్ రెంచి ఇచ్చెను. నట్టునకు ఎంత బిగువు ఇచ్చుచున్నామో కొలిచి చూపు పరికరమది. బాడుగ ఎంతయని అడుగగా, “పండుగ పూట బాడుగేమిటి పెద్దాయనా!” అని నవ్వి పంపెను. దాసోహమను మాట అతడు వినియుండకపోవచ్చును. దాని అర్థము అతని చేతిలో నుండెను.

లేత్ పనికి, బళ్ళారి పోయివచ్చుటకు దినములు గడచి శివరాత్రి రానేవచ్చెను. ఉరవకొండ కిరాయి చేజారినది. ఆ సాయంకాలము ఇంజను తెరిచియే యుండెను. అవ్వ పూజావేళ అయినదని పిలిచెను. పెద్దవాడు, “ఇది బిగించి వస్తానమ్మా. కాయకమే పూజ అంటారు కదా!” అనెను. అవ్వ నులియ చందయ్య కథ నెత్తుకొనెను. చందయ్య త్రాళ్లకై గడ్డి కోయుచుండగా ఇష్టలింగము జారి నీట పడినదట. అతడు కాయకము మానక ముందుకు సాగగా, లింగమే అతని వెంట నడచి తన్ను గైకొనుమని వేడినదట. “కథ ఇక్కడే ఆపుతారు అందరూ. మడివాళ మాచయ్య వచ్చి చెప్పినాక చందయ్య లింగాన్ని మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. అది కూడా కథే. కాయకం లింగాన్ని నీ వెంట నడిపిస్తుంది. నువ్వు లింగాన్ని వదిలిపెట్టేదానికి కాదు” అనెను.

అందరు సీకాయపొడితో చేతులు రుద్ది స్నానము చేసి వచ్చిరి. పెద్దవాని అరచేతి గీతలలో నలుపు మిగిలిపోయెను. ఎంత రుద్దినను పోలేదు. ఎడమచేతి కరస్థలమున లింగమును ఉంచుకొనుటకు అతడు సంకోచించెను. అవ్వ ఆ చేయి పట్టుకొని చూచి, “దొంగిలించిన నలుపు కాదు, దాచిన నలుపు కాదు. కూర్చో నాయనా” అనెను. అతడు విభూతి ధరించి కూర్చుండెను. పిడికిలి బిగించి స్పానరు పట్టిన చేయి, అప్పుడు విప్పారి లింగమునకు పీఠమైనది.

పూజానంతరము వేపచెట్టునకు దీపము కట్టి పనికి కూర్చుండిరి. అది వారి జాగరణము. గ్యాస్కెట్ ఏ ముఖము పైకుండవలెనో, ఏ రంధ్రము దేనిపై రావలెనో కోడలు సరిచూచెను. హెడ్ దించిరి. పుస్తకమున ఉన్న వరుసను ఆమె పెద్దగా చదివెను. నడుమనుండి అంచులకు, ఒకసారి ఇటు, ఒకసారి అటు. మొదటి సుత్తు కొంచెము, రెండవ సుత్తు మరికొంచెము, మూడవ సుత్తున పూర్తి బిగువు. చిన్నవాడు రెంచి పట్టెను. పెద్దవాడు హెడ్‌ను కదలకుండ పట్టెను. మనుమరాలు బిగిసిన ప్రతి నట్టునకు పలకపై ఒక గీత గీసెను. తాత దీపము చూపెను. అవ్వ ఉపవాసమున్నవారికి నడుమ నడుమ నీరందించెను. ఏ నట్టును మొదటనే పూర్తిగా బిగింపలేదు. ఏ నట్టును వదలుగా విడువలేదు.

అమావాస్యకు ముందటి ఆ చీకటి తెల్లవారుచుండగా డీజిల్ గొట్టములలోని గాలిని వెడలించి తాళము త్రిప్పిరి. ఇంజను రెండు మార్లు దగ్గి ఊరకుండెను. మూడవమారు అందుకొనెను. రేడియేటరులో బుడగలు లేవు. సైలెన్సరు పొగ తెలుపు తగ్గి మాయమైనది. తరువాత చల్లారనిచ్చి నట్లను మరల సరిచూచి, వాల్వుల సందులను కొలిచి సరిచేసిరి. బెంగళూరు ప్రయాణపు మూట విప్పబడెను. ఆ ఇంటివారు నేటికిని ప్రతి సోమవారము పల్లెలోని ముసలివారిని ఆసుపత్రికి కిరాయి లేక కొనిపోవుచున్నారు. మెకానిక్కు కూలిగా పోవలసిన సొమ్ము మిగిలినది గదా, ఆ మిగులు మనది కాదని కోడలు చెప్పినదట. ఈమారు అందరు వినిరి.

ఈ జిల్లావారికి ముసలమ్మ కథ తెలియనిది కాదు. బుక్కరాయసముద్రము చెరువునకు గండి పడగా, ఊరిని కాపాడుటకై ముసలమ్మ అను కోడలు తన ప్రాణమును గండికి అర్పించినదని జనులు చెప్పుకొందురు. కట్టమంచి రామలింగారెడ్డి దానిని ‘ముసలమ్మ మరణము’ అను కావ్యముగా వ్రాసెను. ఆ తల్లి త్యాగమునకు చేతులు జోడింతము. కాని మన ఇండ్లలో గండి పడినప్పుడెల్ల ఒక కోడలినే అందు నిలుపుట ధర్మమని ఎవరనగలరు? అత్తమామల కోపమునకు, భర్త అప్పులకు, పిల్లల చదువులకు నడుమ ఆమెయే పలుచని రేకై నలుగుచుండును. కాలిపోయిన నాడు, రేకు మంచిది కాదందుము. ఇంటి గండికి తలకొక తట్ట మన్ను వేయవలెను. నడుమ పరచవలసిన పొర ఒక మనిషి బ్రదుకు కాదు, అందరి వినయము. బిగువు కూడ అందరికి సమముగా రావలెను. ఒక నట్టుపై భారమంతయు మోపిన, ఆ నట్టు విరుగుటయే కాదు, పైనున్న తల కూడ వంగిపోవును. సమత అను మాటకు ఇంతకంటె స్పష్టమైన వ్యాఖ్యానము అరుదు.

ఈ కథవలన మన ఇండ్లు గ్రహింపదగినవి మూడు. మొదటిది: చదువుకొన్న బిడ్డ చేతికి మురికి అంటిన సిగ్గుపడకుడు, అంటనినాడు విచారింపుడు. రెండవది: ఇంట ఏ పనియైనను మొదలుపెట్టు ముందు, మాట చెల్లనివారిని ముందుగా అడుగుడు. సంపాదించువాని మాటకే విలువ యుండు ఇంట తెలిసినవారు కూడ మౌనము వహింతురు. ఆ మౌనము వినయము కాదు, భయము. మూడవది: చెడినదానిని మార్చుటతో ఆగక, ఎందుకు చెడెనో వెదకుడు.

మఠములకు కూడ ఇందొక విన్నపము కలదు. తుమకూరు సిద్ధగంగా మఠమున శ్రీ శివకుమార మహాస్వామివారు అన్నము, ఆశ్రయము, అక్షరము అను మూడింటిని దాసోహముగా నడపి, 2019 జనవరి 21న 111 ఏండ్ల వయస్సున లింగైక్యము చెందిరి. అంతటి సేవ అన్ని మఠములకు సాధ్యము కాకపోవచ్చును. కాని ఒక గదిలో టార్క్ రెంచి, జాకీ, మంచి స్పానర్లు, పంపుసెట్టు విప్పు పనిముట్లు ఉంచి, గుర్తు వ్రాసికొని, కులమతములు చూడక అడిగినవారికి ఇచ్చుట ఏ చిన్న మఠమునకైనను సాధ్యమే. పని తెలిసిన పెద్దలు సెలవు దినములలో బాలబాలికలకు చేతిపని చూపవచ్చును. అది పనిముట్ల దాసోహము. కరవు సీమలో అన్నము పెట్టుట పుణ్యము. అన్నము తెచ్చుకొను సాధనము చేతికిచ్చుట అంతకు తక్కువది కాదు.

బంధువులారా! లింగమును ధరించు కరస్థలము, పని చేయు కరము వేర్వేరు కావు. భగవంతుడు మనకు ఇచ్చిన చేయి ఒక్కటే. ఉదయమున అది పూజాపీఠము, పగలు పనిముట్టు, సాయంకాలము పరులకు అందించు ఆసరా. ఈ మూడు వేళలందును ఆ చేయి శుద్ధముగా నుండునట్లు బసవేశ్వరుడు మనలననుగ్రహించుగాక!